మొదటిసారి అప్పు నోటు మీద సంతకం పెట్టిన. ఇగ నా సంగతేంది?

డిండి ఒడ్డు · దేవరకొండ దిక్కు · ఆదివారం రాత్రి 11:20

నమస్తె అందరికి. ఈడ చానా రోజుల సంది చదువుకుంటున్న, రాసుడు ఇదే మొదలు. జర పొడుగైతది, ఓపికతోని చదువుండ్రి.

నాకు 24 ఏండ్లు. మొన్న గురువారం పొద్దుగాల మా బాపు బండి తీసి "ఎక్కు" అన్నడు. ఏడికో చెప్పలే, నేను అడగలే. పక్క ఊర్ల ఒకాయన ఇంటి అరుగు మీద కూసున్నం. చాయ్ తాగినంక ఆయన లోపలికి పోయి అచ్చు నోటు, రెవెన్యూ స్టాంపు పట్టుకొచ్చిండు. స్టాంపు నాలిక మీద తడిపి అంటిచ్చిండు. "నీ మీద పాత నోటు ఉండనే ఉండె. పిల్లగాడు పెడితె ఇస్త" అని బాపుతోని అన్నడు. నా మొకం చూడలే. పెన్ను మాత్రం నా దిక్కు జరిపిండు.

లక్షా యాభై వేలు, రెండు రూపాల మిత్తి. మా చెల్లె ఈ ఏడు బీఎస్సీ నర్సింగ్‌ల చేరింది. దాని మొదటి సంవత్సరం ఫీజు, హాస్టల్ ఖర్సు.

సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. డిగ్రీ పరీక్షలల్ల, ఉద్యోగాల ఫారాలల్ల ఎన్నిసార్లు పెట్టిన్నో లెక్క లేదు. గని సగం స్టాంపు మీద, సగం కాయితం మీద అడ్డంగ పడ్డ నా పేరు చూస్తె అది నాది అనిపియ్యలే, మా ఇంట్ల ఎవరో పెద్దమనిషిది లెక్క కొట్టింది. వాపస్ వచ్చేటప్పుడు బాపు ఒక్క మాట అన్నడు, "మూడేండ్ల నోటు బిడ్డా" అని. ఇంటికొచ్చేదాక ఇగ నోరు తెరవలే.

అప్పటి సంది నిద్ర పడ్తలేదు. మూడేండ్లకు నాకు 27. అప్పటికి నేను ఏమైతె ఆ నోటు వాపస్ తెచ్చుకొని చింపుత?

18 ఏండ్లప్పుడు అడిగితె టక్కున చెప్తుంటి, ఎస్సై అయిత అని. 2022ల పోలీసు నోటిఫికేషన్ పడ్డప్పుడు ముందుగాల కానిస్టేబుల్‌కు పెట్టిన. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల ఉరకాలె, ఇంకా టైం ఉండంగనే ఉరికిన. లాంగ్ జంప్ 4 మీటర్లు దాటిన. షాట్‌పుట్ 6 మీటర్లు పడాలె, ఒక్కసారి కూడ పడలే. 7.26 కిలోల గుండు అది. మా ఊర్ల దొరకలేదు, ఇసుక మూట గట్టి విసిరి నేర్చుకున్న. గుండు చేతిల పట్టుకున్నంక తెలిసింది, ఇసుక మూట వేరు, ఇనుప గుండు వేరు అని. తర్వాత హైదరాబాద్‌ల రూం తీస్కొని రెండేండ్లు గ్రూప్స్ చదివిన. ఈ ఎండకాలం సంది ఇంటికాడనే ఉన్న.

ఇంటికాడ ఉంటె తెల్లారంగనే ఎవరో ఒకరు పిలుస్తరు, స్టార్టర్ పట్టుకుంటలేదు, మోటర్ లేస్తలేదు అని. ఇంటర్ సెలవులల్ల దేవరకొండల ఒక వైండింగ్ షాపుల కూసుంటుంటి, అప్పుడు అబ్బింది. కాలిన మోటర్ విప్పితె చూసి చెప్త. కొన్ని చుట్లే మాడి పక్కవి మంచిగుంటె ఒక ఫేజు పోయి కాలినట్టు, అన్నీ ఒక్క తీరుగ మాడితె లోడు ఎక్కువైనట్టు. నీళ్లల్ల ఉండే మోటర్‌కు ప్లాస్టిక్ పూత ఉన్న రాగి తీగ చుడ్తరు, ఒక్క కాడ పూత గీసుకపోయినా మొత్తం పని పాడైతది. ఆ పని చేస్తుంటె పొద్దు తెల్వది.

నేను అడిగేది ఒక్కటే. ఇంటి అప్పు మీద పేరు పడ్డంక, ఇంకా రెండేండ్లు చదువుకుంట అనుడు తప్పా? మీ మీ ఇండ్లల్ల ఎట్ల జరిగిందో చెప్పుండ్రి.

బొంబాయి బస్సు · ఊరు నారాయణపేట దగ్గర, ఉండేది పుణె · సోమవారం పొద్దున 5:50

తమ్మి, నేను చెప్తుంటె నా బిడ్డ టైపు చేస్తుంది. నేను 16 ఏండ్లకు వేలిముద్ర వేసిన. కూలీలను పనికి తీస్కపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తడంటె మా నాయిన తీస్కపోయిండు. ఆ కాయితంల ఎంత రాసిన్రో ఇయ్యాల్టికి నాకు తెల్వదు. ఆ ఏడే బొంబాయి బస్సు ఎక్కిన. ఇప్పుడు నా కింద పన్నెండు మంది పని చేస్తరు.

నువ్వు చదువుకున్నోనివి. ఆ నోటు మొత్తం చదివే పెట్టినవా?

రాత్రి షిఫ్టు · జడ్చర్ల · సోమవారం పొద్దున 8:15

బ్రో, ఇప్పుడే డ్యూటీ దిగి బస్సుల చదివిన. రెండుసార్లు చదివిన. నువ్వు గ్రూప్స్ గురించి రాసింది ఒక్క వరుస, "రూం తీస్కొని రెండేండ్లు చదివిన" అని. ఏ పేపర్ ఇష్టమో, ఏ సబ్జెక్టు చదువుతుంటె నిద్ర రాదో ఏం లేదు. మోటర్ గురించి మాత్రం తీగ మీద పూత దాక రాసినవ్. అది నువ్వు కావాలని రాసినట్టు లేదు, నీ చెయ్యే అటు పోయింది.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఇక్కడ మందుల కంపెనీల చేరిన. నాలుగేండ్లైంది. చేరిన కొత్తల ఊర్ల మొకం చూపియ్యలేకపోయిన, "డిగ్రీ చదివి కంపెనీకి పోతుండట" అంటరని. ఏం కాలే. మొదటి జీతంల మా అమ్మ పళ్లు కట్టిచ్చిన. ఆమె నవ్వుడు చూసినంక మంది ఏమంటున్నరో వినుడు బంద్ చేసిన.

మూసీ కాలువ · నకిరేకల్ · సోమవారం మధ్యాహ్నం 1:30

నేను రాత్రి షిఫ్టు మాటతో ఒప్పుకోను. తమ్ముడు, బాధతో రాస్తున్న, అపార్థం చేసుకోకు.

నాకు 30. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న రాసిన, అది రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాసిన, అదీ నిలవలేదు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వస్తే ఆ జూన్ 9న మూడోసారి కూర్చున్న. ఒకే మెట్టు మూడుసార్లు ఎక్కిన. తప్పెవరిదన్నది ఈడ మాట్లాడదలచుకోలే, దాని మీద మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పోయింది. చెప్పేదేందంటే, మధ్యల 2023 జూలై 1న గ్రూప్-4 రాసిన. దాంట్ల వచ్చింది. ఇయ్యాల ఒక ఆఫీసుల జూనియర్ అసిస్టెంట్‌ని.

నాతో రూంల ఉన్న నలుగురిల ఇద్దరు 2023ల "కొన్ని రోజులు ఏదో పని చూసుకుంటం" అని ఊరికి పోయిన్రు. నాకన్నా మంచిగ చదివేటోళ్లు. మళ్లీ పుస్తకం ముట్టలే. పొద్దంతా ఒళ్లు వంచి పని చేసినోనికి రాత్రి పాలిటీ పుస్తకం తెరిస్తే కండ్లు మూతపడ్తయి. ఇది వాళ్ల తప్పు కాదు, ఒంటి తీరే అంత. నువ్వు షాపుల కూసున్న రోజు నుంచి ఆర్నెల్లకు చదువు పోతది. నెలకు మూడు వేలు మిత్తి కోసం ముప్పై ఏండ్ల ఉద్యోగం వదులుకోకు.

డిండి ఒడ్డు · సోమవారం రాత్రి 9:40

మూసీ అన్నా, రాత్రి షిఫ్టు అన్నా, మీ ఇద్దరి మాటలు పట్టుకొని పొద్దంతా తిరిగిన. ఇద్దరు చెప్పింది నాకే తగుల్తుంది.

బొంబాయి బస్సు అన్నా, మీరు అడిగింది మాత్రం గుండెల పడ్డది. నోటు చదివిన. పైసలు అంకెలల్ల, అక్షరాలల్ల రాసే ఉన్నయి. మిత్తి రాసుంది. తారీఖు జాగ ఖాళీగ ఉండె. "అది నేను తర్వాత వేస్తలే" అన్నడాయన. బాపు ఏం అనలే, నేను అనలే.

కలం కాగితం · మిర్యాలగూడ · మంగళవారం ఉదయం 6:10

నాయనా, నాకు 71 ఏళ్లు. దస్తావేజులు, నోట్లు రాయడమే నా బతుకు. నీ ప్రశ్నకు పెద్ద పెద్ద జవాబులు ఇతరులు చెప్తున్నారు. నేను కాగితం సంగతి చెప్తాను, ముందు అది సరిచేసుకో.

మేజరైనవాడి సంతకమే ఒప్పందానికి చెల్లుతుందని 1872 నుంచి చట్టం ఉన్నది, ఇప్పుడు ఆ వయసు 18. నీ సంతకం చెల్లుతుంది కాబట్టే ఆయన నీ దిక్కు పెన్ను జరిపాడు. చెల్లే సంతకం ఉన్నవాడికి అడిగే నోరు కూడా ఉండాలి. స్టాంపు అంటించి సంతకం పెట్టి, జాగాలు ఖాళీ వదిలి నోటు చేతికిచ్చావంటే, ఆ ఖాళీ నింపుకునే వీలు నోటు పట్టుకున్నవాడికి ఇచ్చినట్టే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అదే చెప్తుంది. ఆయన మంచివాడే కావచ్చు. రేపు ఆయన పోతే నోటు ఆయన కొడుకు చేతికి వస్తుంది, అప్పుడు?

మీ బాపు మూడేళ్ల నోటు అన్నాడు. నిజమే, నోటు మీద దావా వెయ్యడానికి గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు తారీఖు నుంచి లెక్క. తారీఖే లేకపోతే నీ మూడేళ్లు ఎప్పుడు మొదలైనట్టు? 27 ఏళ్లకు చింపుతానన్నావు, ఏ రోజు నుంచి లెక్కపెట్టి?

పైసలు కట్టినప్పుడల్లా నోటు వెనుక చెల్లు రాయి. ఎంత, ఏ తారీఖు, ఎవరు కట్టారు. నీ చేతితో రాసి సంతకం పెట్టు. ఫోనులో ఫొటో తీసుకో. ఒక్క సంగతి గుర్తుంచుకో, చెల్లు రాసిన రోజు నుంచి మూడేళ్ల లెక్క మళ్లీ కొత్తగా మొదలవుతుంది. దానికి భయపడి చెల్లు రాయకుండా చేతికి పైసలిచ్చి వచ్చినవాళ్లు ఇచ్చిన పైసలే మళ్లీ ఇచ్చుకున్నారు, నా కళ్లముందు. బాకీ తీరిన రోజు అసలు నోటు అడిగి తీసుకో. చింపడం తర్వాత, ముందు చేతిలోకి రావాలి.

మీ బాపును వెంట పెట్టుకోకుండా నువ్వొక్కడివే వెళ్లి తారీఖు వేయించు.

పాలమూరు అక్క · మక్తల్ · మంగళవారం రాత్రి 10:05

తాత మాట విను తమ్ముడూ. నోటు సంగతి ఆయన చెప్పారు, నేను ఇంటి సంగతి చెప్తాను.

నేను పెరిగింది మా అవ్వ దగ్గర. మా అమ్మానాయినలు ముంబైలో బిల్డింగు పనికి పోయి దసరాకో, కురుమూర్తి జాతరకో వచ్చేవాళ్లు. వచ్చినప్పుడు అమ్మ నా జుట్టు దువ్వుతూ "ఏమైతవు బిడ్డా పెద్దయినంక?" అని అడిగేది. టీచర్ అనేదాన్ని. ఎందుకంటే టీచరమ్మ సాయంత్రం ఇంటికి పోయేది, రోజూ. ఊరు విడిచిపోకుండా జీతం తెచ్చుకునే మనిషిని నేను చూసింది ఆమెనే. నా గోల్ అట్లా పుట్టింది, అమ్మ పక్కన లేకపోవడంలోనించి.

20కి పెళ్లైంది. డీఈడీ పెళ్లయ్యాకే. పిల్లలు పుట్టాక మా ఇంట్లో ఒక రాత్రి పెద్ద గొడవ జరిగింది, కోచింగ్ ఫీజు మీద. అప్పుడు మా ఆయనతో ఒక మాట అనుకున్నాం. వచ్చే డీఎస్సీ ఒకటి, దాని తర్వాతది ఇంకొకటి. ఆ రెండూ అయ్యేదాకా ఇంటి పనిలో సగం ఆయనది. అవి అయిపోయాక నేను ఏ పని దొరికితే ఆ పని చేస్తా, మళ్లీ చదువు పేరెత్తను. క్యాలెండర్ వెనక రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. నవ్వుతారేమో, కానీ ఆ కాగితం లేకపోతే నేను చదివేదాన్ని కాదు. ఎప్పటిదాకానో తెలిసినందుకే ఆయన వంట చేశాడు, ఎప్పటిదాకానో తెలిసినందుకే నేను తప్పు చేస్తున్నానన్న భావం లేకుండా పుస్తకం ముందు కూర్చున్నాను. 2024లో 11,062 పోస్టుల డీఎస్సీలో ఎస్జీటీ టీచర్ పోస్టు వచ్చింది. మా రెండో అవకాశం అదే.

నువ్వు "ఇంకా రెండేండ్లు" అంటున్నావు. మీ బాపుతో, అమ్మతో కూర్చొని ఆ మాట అన్నావా? ఏ పరీక్ష దాకా, ఏ నెల దాకా? వాళ్లకు తెలియని గడువు నీ గుండెలో ఒక్కడివే మోస్తే అది బరువే.

మగ్గం ఇల్లు · పోచంపల్లి · బుధవారం మధ్యాహ్నం 3:20

అన్నా, నాకు 21. అందరూ మీ గురించే చెప్తున్నరు. నేను ఒకటి అడుగుత. ఆ నోటు సంగతి మీ చెల్లెకు తెలుసా?

ఎందుకు అడుగుతున్ననంటే, నా డిప్లొమా ఫీజు కోసం మా నాయిన అప్పు చేసిండని నాకు రెండేండ్ల తర్వాత తెలిసింది, అదీ పక్కింటోళ్ల నోట. నా చదువు కోసం అని అందరూ అన్నరు, నన్ను మాత్రం ఎవరూ అడగలే. ఆ రోజు ఏడ్చినంత ఎప్పుడూ ఏడ్వలే. నన్ను ఇంకా చిన్నపిల్లననే అనుకున్నరని.

ఇంకో మాట. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారి గురించి మా ఇండ్లల్ల చెప్పుకుంటరు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసే ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలె. మా అమ్మ కూడ పోసేది, రాత్రికి భుజం లేచేది కాదు, జుట్టు నేనే వేసేదాన్ని. ఆయన వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక చిన్నప్పుడే బడి మానేసిన మనిషి, ఏండ్లకేండ్లు కష్టపడి 1999ల ఆసు యంత్రం తయారుచేసిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ కోసం మొదలు పెట్టలే ఆయన. ఇంట్ల కనిపించిన నొప్పి నుంచి మొదలుపెట్టిండు. మీరు మోటర్ బాగు చేస్తుంటె ఎవరి పొలం తడుస్తుందో మీకు తెలుసు కదా అన్నా. దాన్ని చిన్న పని లెక్క ఎందుకు రాసిన్రు?

మూసీ కాలువ · బుధవారం సాయంత్రం 6:45

చెల్లె, మల్లేశం గారంటే నాకూ గౌరవమే. అయితే ఆ వాడకట్టుల అట్ల మొదలుపెట్టి మధ్యల ఆగిపోయినోళ్లు ఎంతమందో, వాళ్ల పేర్లు మనకు తెల్వవు. గెలిచినాయన కథ పట్టుకొని ఒక పిల్లగాన్ని ముందుకు తొయ్యొద్దు.

రాత్రి షిఫ్టు · బుధవారం రాత్రి 7:30

మూసీ అన్నా, అదే మాట గ్రూప్స్‌కు వర్తించదా? మీకు వచ్చింది, రానోళ్ల పేర్లు మనకు తెల్వవు. 563 పోస్టులకు ఎన్ని లక్షల మంది రాసిన్రో మీకే ఎరుక.

మూసీ కాలువ · బుధవారం రాత్రి 8:10

ఒప్పుకుంటున్న. నీ మాట నిజమే.

నేను ఎందుకు ఇంత గట్టిగ అంటున్ననంటే, మా ఇంట్ల ఎవ్వరూ గవర్నమెంటు ఆఫీసు కుర్చీల కూసోలే. మొదటి రోజు నా టేబుల్ ముందుకు మా ఊరి ముసలాయన వచ్చి, నన్ను గుర్తుపట్టక, చేతులు కట్టుకొని నిలబడ్డడు. లేచి కుర్చీ వేసిన. ఆ రోజు కోసమే అన్నేండ్లు చదివిన్నేమో అనిపించింది. తమ్ముడికి కూడ ఆ రోజు రావాలని నా ఆశ. అంతే.

డిండి ఒడ్డు · శుక్రవారం రాత్రి 11:50

అందరూ చదువుండ్రి, మస్తు సంగతులైనయి.

నిన్న ఒక్కన్నే పోయిన. నోటు పెట్టి సరిగ్గ వారం. ఆయన కొట్టంల బర్లకు గడ్డేస్తున్నడు. "బాపు రాలేదా?" అన్నడు. "రాలే పెద్దబాపూ, నేనే వచ్చిన" అన్న. తారీఖు సంగతి చెప్పిన. గడ్డి మోపు కిందేసి నా మొకం చూసిండు, మొదటిసారి. "ఏంది, నమ్మకం లేదా?" అన్నడు. తొవ్వ పొడుగునా దీనికి జవాబు అనుకుంటనే పోయిన, గని ఆడ నిలబడ్డంక అవేవీ నోట్లకు రాలే. "నమ్మకం ఉంది పెద్దబాపూ. ఏ రోజు తీస్కున్ననో నాకు ఎరుకుండాలె, ఆ రోజు నుంచి నేను లెక్క పెట్టుకోవాలె" అన్న. చానా సేపు ఏం మాట్లాడలే. గడ్డి చేతులు లుంగీకి తుడుసుకొని లోపలికి పోయిండు. ఇనుప పెట్టె తాళం చప్పుడైంది. అద్దాలు పెట్టుకొని, నోటు నా ముందలనే పరిచి, నేను సంతకం పెట్టిన గురువారం తారీఖే వేసిండు. నేను ఫొటో తీస్కున్న, ఏం అనలే.

బయటికి వస్తుంటె వెనక నుంచి పిలిచిండు. నా గుండె జారింది. "నువ్వు మోటర్లు చూస్తవంట గద, మా బావి కాడిది వేసిన పది నిమిషాలకే పడిపోతుంది" అన్నడు. పోయి చూసిన. స్టార్టర్ల ఒక వైరు వదులై మాడుతుండె. కోసి, కొత్తగ చెక్కి బిగించిన. రెండొందలు ఇచ్చిండు, తీస్కున్న.

రాత్రి చెల్లెకు ఫోన్ చేసి నోటు సంగతి మొత్తం చెప్పిన. ఏం మాట్లాడకుండ ఫోన్ పెట్టేసింది. అర్ధరాత్రి వాయిస్ పంపింది. అది అన్నది అన్నట్టే రాస్తున్న. "అన్నా, నాకు మొన్న జూన్‌ల 18 నిండినయి. నా చదువుకు అప్పు తెస్తె నోటు మీద నా పేరు ఎందుకు లేదు? నాలుగేండ్ల కోర్సు ఇది, ఒక్క ఏడుతోని అయిపోదు. వచ్చే ఏడు నోటు రాసేదుంటె నేను కూడ వస్త. రాకుండ రాసిన్రో నేను హాస్టల్ నుంచి ఇంటికొస్త, మళ్ల పోను." మగ్గం చెల్లె, నువ్వు అడగకపోతె నేను దానికి చెప్పకపోతుంటి.

ఇగ బాపు. ఇది రాసుడు కష్టం. బువ్వ తినేటప్పుడు చెప్పిన, దేవరకొండ షాపాయన నెలకు 12 వేలిస్త అంటుండు, పోత అని. పొద్దున నాలుగున్నరకు లేచి ఏడు దాక చదువుత, వచ్చే గ్రూప్స్ నోటిఫికేషన్ ఒక్కటి రాస్త, రాకపోతె ఇగ రాయ అని. అమ్మ "మంచిది బిడ్డా" అన్నది. పొద్దంతా పత్తి చేనుల ఉన్న మనిషి, ఆమె వేళ్లు పగిలి ఉన్నయి. బాపు చెయ్యి కంచంల ఆగింది. "మరి ఎస్సై?" అన్నడు.

మా బాపు ఫోన్ తెరిస్తె ముందుగాల కనపడేది నా ఫొటో. ఈవెంట్స్ రోజు గ్రౌండ్ బయట తీసింది, బనియన్ మీద నంబర్‌తోని. షాట్‌పుట్ పోకముందు తీసింది. మూడేండ్లైతున్నా ఆ ఫొటో మార్చలే. నేను ఎస్సై అనుడు ఎప్పుడో మానేసిన, ఆయన మానలేదని నాకు ఆ కంచం ముందల తెలిసింది. నేను ఏం చెప్పలేకపోయిన. లేచిపోయి చెయ్యి కడుక్కొని, బయట మంచంల పండుకున్నడు. పొద్దుగాల నేను లేచేసరికి నా బండిల పెట్రోలు పోయించి తెచ్చిండు. షాపు సంగతి మాట్లాడలే. బండి తాళం చేతికిచ్చిండు.

పాలమూరు అక్క · శనివారం ఉదయం 7:00

తమ్ముడూ, చదువుతూ నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ ఫొటో మార్చమని మీ బాపును అడగొద్దు.

బొంబాయి బస్సు · శనివారం పొద్దున 8:30

నోటు మీద తారీఖు వేయించినవ్ చూడు, అది మా కాలంల ఎవ్వడూ అడగలే తమ్మి. నా బిడ్డను చదివి వినిపియ్యమన్న, రెండుసార్లు. ఆమె ఇంటర్ రెండో సంవత్సరం. ఏం చదువుతవు అని ఇప్పటిదాక నేనే చెప్పుకుంట వచ్చిన. ఇయ్యాల అడిగిన.

మూసీ కాలువ · శనివారం సాయంత్రం 5:15

తమ్ముడు, నేను అన్న మాట మీదనే ఉన్న, పని చేస్తూ చదువుడు కష్టం. నువ్వు పోతనే అన్నవు కాబట్టి ఇట్ల చేద్దాం. ప్రతి ఆదివారం రాత్రి నీకు 50 ప్రశ్నలు పంపుత, సోమవారం పొద్దున నాలుగున్నరకు లేచి రాసి పంపు. రెండు వారాలు రాకపోతే ఫోన్ చేస్త, తిడ్త.

కలం కాగితం · శనివారం రాత్రి 9:00

వేసిన తారీఖు నీ డైరీలో కూడా రాసి పెట్టుకో నాయనా. నెలకు మిత్తి 3,000. ఏడాదికి 36,000. మిత్తి మాత్రమే కడుతూ పోతే మూడేళ్లకు లక్షా ఎనిమిది వేలు కట్టి కూడా అసలు లక్షా యాభై అట్లాగే ఉంటుంది. ఎంత చిన్నదైనా అసలులో పడేటట్టు కట్టు. చెల్లు మరువకు.

డిండి ఒడ్డు · నాలుగు నెలల తర్వాత, ఆదివారం రాత్రి 10:30

ఈ మాట మళ్ల మీదికి తెస్తున్నందుకు ఏమనుకోకుండ్రి. అడిగినోళ్లున్నరు, జవాబు చెప్పాలె గద.

షాపుకు పోతున్న. నాలుగున్నరకు లేచుడు వారంల ఐదు దినాలు అయితుంది, రెండు దినాలు అయితలేదు. మూసీ అన్న ఒక్కసారి ఫోన్ చేసి తిట్టిండు. పొలాలకు నీళ్లు పెట్టే కాలంల రోజుకు ఆరు, ఏడు మోటర్లు వస్తయి, ఆ దినాలల్ల చదువు కాదు. నిజం చెప్తున్న, నోటిఫికేషన్ వచ్చినా నేను ఏ మొకంతోని రాస్తనో ఇంకా తెల్వదు. రాస్త మాత్రం రాస్త. మోటర్‌ల తీగ చుట్టే భాగం, 24 స్లాట్ల స్టేటర్, ఇప్పుడు ఒక్కన్నే చుడ్త, ఓనర్ వచ్చి చూసుడు మానేసిండు.

చెల్లె సెలవులకు వచ్చింది. నిన్న ఇద్దరం కలిసి ఆ పెద్దబాపు ఇంటికి పోయినం. 20 వేలు కట్టిన. నాలుగు నెలల మిత్తి 12 వేలు, అసలుల 8 వేలు. ఆయన నోటు తీసిచ్చిండు, వెనక్కి తిప్పి చెల్లు నా చేతితోనే రాసిన. ఇంటికొచ్చినంక బాపు అడిగిండు, "మరి ఇప్పుడు మూడేండ్లు ఎప్పటికైతయి?" అని. తాత చెప్పినట్టు నిన్నటి నుంచి లెక్కపెట్టి చెప్పిన. తల ఊపిండు.

చెల్లు కింద చెల్లె కూడ సాక్షి సంతకం పెడ్త అన్నది. అవసరం లేదమ్మా అన్నడు పెద్దబాపు. అయినా పెన్ను అడిగి తీస్కొని పెట్టింది. దాని చెయ్యి వణకలే.